మా ఊరి చెరువు కథ ఎలా సేకరించానంటే

మీ ఊరి చరిత్రను వీడియోలుగా చెప్పాలని ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. ఊరంతటినీ ఒకేసారి ఎత్తుకోకండి. ఒక్కదాన్ని పట్టుకోండి. కడప జిల్లాలోని మా ఊళ్లో నేను చెరువును పట్టుకున్నాను.

మొదటి రోజు కెమెరా బిగించి చెరువు నీళ్లను పొలాలకు వంతులవారీగా వదిలే మా నీరుగంటి తాత ఎదుట కూర్చున్నాను. ఆయన చొక్కా సర్దుకుని, నాలుగు పొడి మాటలు చెప్పి ఊరుకున్నారు. తర్వాత మూడు వారాలు ఫోను జేబులోంచి తీయకుండా ఆయన వెంట కట్ట మీద నడిచాను. తూము దగ్గర ఆగినప్పుడు మాటలు వాటంతట అవే వచ్చాయి. ఏ మడికి ఎంతసేపు నీళ్లు, కరువు ఏట వంతులు ఎలా కుదించేవారు, అలుగు పారిన రాత్రి కట్ట తెగకుండా ఊరు ఎలా కాపు కాసింది! అప్పుడు అడిగి, ఆయన సరేనన్నాకే గొంతు రికార్డు చేశాను. ఆ మాటల్లో ఒక్కటీ మార్చలేదు. మీరూ మార్చకండి. ఏ రోజు, ఎవరు, ఏ విషయం అన్నది ఫైలు పేరులోనే రాసి, రెండు చోట్ల దాచండి.

నేను చేసిన పెద్ద తప్పు వేరే ఉంది. చెరువును ఫలానా రాజు తవ్వించాడని ఊళ్లో అందరూ అంటారు. దాన్నే రుజువైన సంగతిలా మొదటి వీడియోలో చెప్పేశాను. పక్క ఊరి ఉపాధ్యాయుడొకరు ఆధారమేమిటని అడిగితే జవాబు లేక వీడియో తీసేశాను.

అప్పుడే కైఫీయతులు తెరిచాను. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి, కరణాల కవిలెల (ఊరి లెక్కల పుస్తకాల) నుంచీ పెద్దల నోటి నుంచీ రాసుకొచ్చిన వివరాలవి. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం మా జిల్లావి సంపుటాలుగా అచ్చువేసింది. అయితే వాటిలోనూ విన్న కథలు ఉంటాయి. శాసనం బలం వేరు. మా జిల్లాలోనే పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) చూడండి. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన ఆ చెరువుకు రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని అందులో ఉంది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలు, తప్పించవలసిన 6 దోషాలు కూడా చెక్కించారు. మా చెరువుకు అలాంటి శాసనం దొరకలేదు. అందుకే రెండో వీడియోలో "ఊళ్లో ఇలా చెబుతారు", "కైఫీయతులో ఇలా ఉంది" అని విడివిడిగా చెప్పాను.

దాన్ని నెట్‌లో పెట్టకముందే రచ్చబండ దగ్గర గోడ మీద వేసి చూపించాను. చూస్తూ చూస్తూ ఒక అవ్వ లేచి, "కరువు పనుల్లో ఆ కట్టకు మట్టి మోసింది మేమే కదా నాయనా, మా ఊసే లేదే" అన్నారు. మర్నాడు ఆమె ఇంటికి వెళ్లాను. మట్టి తట్టలు మోస్తూ పాడుకున్న పాట ఆమెకు ఇంకా గుర్తుంది. ఇప్పుడు వీడియో ఆ పాటతోనే మొదలవుతుంది.