ఓర్లాండోలో సిండ్రెల్లా కోటమీద వేసే ప్రొజెక్షన్ ప్రదర్శనను ఎక్కడ నిలబడి చూడాలి?

మీరు అడిగినవి రెండు. డిసెంబరులో అమ్మానాన్నలతో, ఐదేళ్ళ పాపతో అమెరికాలో ఫ్లోరిడాలోని ఓర్లాండో వెళ్తున్నారు కాబట్టి డిస్నీవాళ్ళ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రాత్రిపూట కోటమీద ప్రొజెక్టర్లతో వేసే ప్రదర్శనకు ఎక్కడ చోటు పట్టుకోవాలి? ఫోనులో వీడియోలన్నీ చూసేశాక దానికోసం కాళ్ళు లాగేదాకా నిలబడటం అవసరమా?

రెండోదానికి జవాబు చిన్నది. అవసరమే. ఫోనులో ఆ కోట అరచేతిలో ఇమిడిపోతుంది, అక్కడ 189 అడుగుల ఎత్తుంటుంది. మొదటిదానికి మాత్రం కొంత కథ చెప్పాలి. మొదటిరోజు తప్పుచోట కూర్చుని, అమ్మచేత మాటలు పడి, మూడోరోజుకు గానీ సరైన చోటికి చేరినవాణ్ణి నేను. హైదరాబాదులో సభలకూ పెళ్ళిళ్ళకూ కాలేజీ ఉత్సవాలకూ ప్రొజెక్టర్లు అమర్చడమే నా జీవనాధారం కాబట్టి, ఈ సంగతి చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

2023 నవంబరులో అట్లాంటాలో ఉండే అక్క ఇంటినుంచి కారులో బయలుదేరాం. అక్క, బావ, వాళ్ళమ్మాయి, అమ్మ, నేను. మొదటిరోజు సాయంత్రం, ముందు వెళ్ళినవాడిదే మంచి చోటు అనుకుని, ప్రదర్శనకు రెండు గంటల ముందే కోటకు వీలైనంత దగ్గరగా వెళ్ళి కూర్చున్నాం. తిరునాళ్ళలో హరికథ వేదిక ముందు చాప పరిచినట్లు అమ్మ తన శాలువా పరిచేసింది. చుట్టూ జనం నిండుతుంటే మా తెలివికి మేమే మురిసిపోయాం.

మొదలైన ఐదు నిమిషాలకే మెడలు పట్టేశాయి. బురుజుల మీద బొమ్మల ముఖాలు సాగిపోయి, ఒక కన్ను ఇటు, ఒక కన్ను అటు పోయినట్లు కనిపించాయి. పై శిఖరాల మీద ఏం జరుగుతోందో అంతుపట్టలేదు. బాణసంచా కోట వెనకనుంచి లేస్తుంది. అందులో తక్కువ ఎత్తున విరిసేవాటిని కోటే మింగేసింది. అంతా అయ్యాక అమ్మ తీర్పు చెప్పింది. "మా చిన్నప్పుడు పంచాయతీ ఆఫీసు గోడమీద కుటుంబ నియంత్రణ సినిమా వేసేవాళ్ళు. అది ఇంతకంటే తిన్నగా కనిపించేది నాన్నా."

నవ్వుకున్నాం కానీ, ఆమె పట్టుకున్న విషయం అసలైనదే. పంచాయతీ గోడ చదునుగా ఉంటుంది. ఎటునుంచి చూసినా బొమ్మ బొమ్మలాగే ఉంటుంది. ఈ కోటకు గుండ్రటి బురుజులు, ముందుకు పొడుచుకువచ్చిన అరుగులు, లోపలికి ఉన్న కిటికీలు, సూది మొన కప్పులు. దానిమీద వేసే బొమ్మలు రెండు రకాలు. ఒకటి, కట్టడం ఒంటికి రంగు పూసినట్లు అతుక్కునేవి: కిటికీ చుట్టూ తీగ పాకడం, బురుజు మీద మంచు పేరుకోవడం లాంటివి. వీటిని ఎక్కడనుంచి చూసినా ఫరవాలేదు. రెండోది, లేని లోతును చూపించేవి: గోడ తెరుచుకుని లోపల మరో గది కనిపించడం, ఒక పాత్ర గోడలోంచి మన మీదికి వంగడం. ఇవి ఒకానొక చోట నిలబడిన కంటికోసమే గీసినవి. ఆ చోటు దాటి పక్కకో ముందుకో జరిగితే లోతు మాయమై, గోడమీద వంకర గీతలు మిగులుతాయి. ఒకవైపునుంచి చూస్తే మెట్లలా కనిపించి, అటువైపు వెళ్తే ఏమీ లేని ముగ్గులు కొందరు వేస్తారు కదా, అలాగన్నమాట.

అసలు ఆ కోటే ఇలాంటి కనికట్టు. ఉక్కు, కాంక్రీటు, ఫైబర్‌గ్లాస్‌తో కట్టారు. రాళ్ళలా కనిపించేవి రాళ్ళు కావు. పైకి వెళ్ళేకొద్దీ ఆ "రాళ్ళ"నూ కిటికీలనూ చిన్నవిగా చేసుకుంటూ పోయారు. దాంతో దూరంనుంచి చూసేవాళ్ళకు కోట ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. కింద మొదట్లో నిలబడితే ఈ లెక్క కుదరదు. ఆ కోటను కట్టినవాళ్ళూ దానిమీద ఇప్పుడు వెలుగు వేసేవాళ్ళూ కూడా మనం దూరంగా, ఎదురుగా, వీధి మధ్యలో ఉంటామనే అనుకున్నారు.

కాబట్టి నా సలహా: ప్రవేశద్వారంనుంచి కోటదాకా తిన్నగా పోయే మెయిన్ స్ట్రీట్ ఉంది కదా, ఆ వీధిలో కోటవైపు సగం దాటాక, సరిగ్గా నడిమధ్యన నిలబడండి. కోట ముందున్న వలయంలోనే ఉండాలనిపిస్తే దాని వెనక అంచుకు, వీధి వచ్చి కలిసే చోటికి రండి. ఆ వలయానికి ఎడమా కుడీ కొసల్లో మాత్రం వద్దు. చివరి నిమిషంలో ఖాళీ దొరికిందని అటు వెళ్తే ఎందుకు ఖాళీగా ఉందో ప్రదర్శన మొదలయ్యాక తెలుస్తుంది.

వీధిలో నిలబడటానికి ఇంకో కారణం కూడా ఉంది. కోటమీద బొమ్మలు వేయడం అక్కడ 2011లో మొదలైంది. మొదట్లో ఆ రోజు పార్కుకు వచ్చినవాళ్ళ ఫోటోలనే రాత్రి కోటమీద చూపించేవారు. ఇప్పుడు నడుస్తున్న "హ్యాపిలీ ఎవర్ ఆఫ్టర్" 2017 మే 12న మొదలైంది, నిడివి దాదాపు 18 నిమిషాలు. 2021 అక్టోబరు 1న, పార్కు యాభయ్యో ఏట, దాని స్థానంలో వేరే ప్రదర్శన వచ్చింది. బొమ్మలను కోట దాటించి మెయిన్ స్ట్రీట్‌లోని దుకాణాల మీదికి కూడా తెచ్చింది అదే. 2023 ఏప్రిల్ 3న పాతదాన్ని తిరిగి తెచ్చినప్పుడు ఈ వీధి భాగాన్ని అట్టిపెట్టుకున్నారు. వీధిలో నిలబడితే ఎదురుగా కోట, రెండు పక్కలా దుకాణాలు, అన్నీ ఒక్కసారిగా రంగు మారతాయి. మొదటిరోజు మా వీపుల వెనక ఇంత జరుగుతోందన్న సంగతే మాకు తెలియలేదు.

మూడోరోజు రాత్రి అలాగే వీధి మధ్యలో నిలబడ్డాం. బావ భుజాల మీద మేనకోడలు. మొదటి విడత బాణసంచా పేలి, పొగ మెల్లగా మా తలల మీదికి దిగింది. అందరూ కోటవైపు చూస్తుంటే మేనకోడలు మాత్రం వెనక్కి తిరిగి, "మామయ్యా, అక్కడెవరో టార్చిలైటు వేస్తున్నారు!" అని అరిచింది. తిరిగి చూస్తే నిజమే. పొగ పట్టిన గాలిలో వెలుగు పలకలుగా విడిపోయి మా మీదుగా పోతోంది. అందులో ఒక పలక నీలంనుంచి నారింజలోకి మారిన క్షణంలోనే ఎదుట ఒక బురుజు నారింజ అయింది. పదేళ్ళుగా ఈ పని చేస్తున్న నాకు ఒళ్ళు జలదరించింది. మీ పాపకు కూడా ఒకసారి వెనక్కి చూడమని చెప్పండి. ప్రదర్శన పాడవదు, ఇంకా బాగుంటుంది.

ఇలాంటి పనికి ఒక్క ప్రొజెక్టర్ చాలదు. చాలా ప్రొజెక్టర్లు పెట్టి ఒక్కోదానికి కోటలో ఒక్కో ముక్క అప్పగిస్తారు. పక్కపక్క ముక్కలు కొంతమేర ఒకదానిమీదికి ఒకటి వస్తాయి. అక్కడ రెండింటి వెలుగునూ క్రమంగా తగ్గించుకుంటూ పోయి అతుకు కనిపించకుండా చేస్తారు. ముందే కట్టడం కొలతలన్నీ తీసి కంప్యూటర్‌లో దాని నమూనా తయారుచేసుకుని, బొమ్మలను దానిమీదే గీస్తారు. ఇదంతా డబ్బు పెడితే ఎవరైనా చేయగలిగేదే. అసలు కష్టం నలుపుతో. ప్రొజెక్టర్ అన్ని రంగులూ వేస్తుంది, నలుపు మాత్రం వేయలేదు. నలుపు అంటే అక్కడ వెలుగు వేయకపోవడమే. అంటే మీ బొమ్మలో ఉండే నలుపు, ఆ గోడ అప్పటికి ఎంత చీకట్లో ఉందో అంతే. పక్కన ఒక వీధిదీపం వెలుగుతుంటే మీ రాక్షసుడు బూడిదరంగులోకి దిగిపోతాడు. గోడ రంగూ బొమ్మలో కలిసేదే. 2020లో ఆ కోటకు గులాబీ రంగు వేసి, కప్పులను మరింత నీలం చేసినప్పుడు, అక్కడ రంగులు సరిచూసే ఉద్యోగుల మీద నాకు జాలేసింది.

జాలి ఎందుకంటే నేనూ పడ్డాను. ఒక జిల్లా కేంద్రంలో పాత కాలేజీ స్వర్ణోత్సవం. సున్నం వేసిన ముఖభాగం, కింద ఏడు కమానులు. ప్రొజెక్టర్‌కు అంతకంటే మంచి గోడ దొరకదు. రెండు రాత్రులు కూర్చుని గళ్ళ గీతలు వేసి, ఒక్కో కమాను అంచుకూ బొమ్మను వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చాం. ఉత్సవం రోజు సాయంత్రం టీ తాగి వచ్చేసరికి నిర్వాహకులు నడిమి రెండు కమానులకూ అడ్డంగా ముఖ్య అతిథి ఫ్లెక్సీ కట్టేశారు. పిట్టగోడ పొడవునా సీరియల్ బల్బులు. వాటికి తోడు ఆవరణలో సోడియం దీపం. దాన్ని ఆర్పమంటే, స్విచ్చుల గది తాళం వాచ్‌మన్ దగ్గర ఉంది, వాచ్‌మన్ భోజనానికి ఇంటికి వెళ్ళాడు. కలంకారీ లతలు కమాను చుట్టూ పాకాల్సినవి, నేరుగా ముఖ్య అతిథి మీసాల మీద పాకాయి. ముందు వరుసలో ఎవరూ నవ్వలేదు. వెనక వరుసల్లో విద్యార్థులు ఈలలు వేశారు. మా డబ్బు సగమే వచ్చింది.

అందుకే మెయిన్ స్ట్రీట్‌లో ప్రదర్శనకు ముందు దీపాలు తగ్గినప్పుడు, నాకు కోటకంటే ఆ చీకటే గొప్పగా అనిపించింది. అంత పెద్ద వీధిలో దీపాలు చెప్పిన క్షణానికి తగ్గాయి. తాళం ఎవరి దగ్గర ఉందని అడిగే పనే లేదు.

మీ పాప మరీ భయస్తురాలు కాకపోతే, ఆ మధ్యాహ్నమే అదే పార్కులో దెయ్యాల బంగళాలా కట్టిన హాంటెడ్ మ్యాన్షన్‌కు వెళ్ళండి. ఈ విద్యకు అది తాతగారి ఇల్లు. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌లో 1969 ఆగస్టు 9న తెరిచారు; ఫ్లోరిడాలోది 1971లో పార్కుతోపాటే మొదలైంది. అందులో గాజుగోళంలో మాట్లాడే మేడమ్ లియోటా అనే ఆడమనిషి తల ఉంటుంది. ఒకామె నటిస్తుండగా ఆమె ముఖాన్ని ఫిల్మ్ మీద తీసి, కళ్ళూ ముక్కూ ఉన్న ఖాళీ బొమ్మ ముఖం మీద సరిగ్గా సరిపోయేలా వేశారు. ఆ ముఖం డిస్నీలో పనిచేసిన లియోటా టూంబ్స్‌ది, గొంతు ఎలినార్ ఆడ్లీది. శ్మశానం దృశ్యంలో పాటపాడే ఐదు పాలరాతి విగ్రహాలు కూడా ఇదే పద్ధతి. ఇలా వస్తువు ఆకారానికి అతికేలా బొమ్మ వేయడాన్ని ఇప్పుడు ప్రొజెక్షన్ మ్యాపింగ్ అంటారు, అప్పట్లో ఆ మాటే లేదు. పగలు ఆ తలను చూసి రాత్రి కోటను చూస్తే, తలకాయంత ఉన్నది కోటంత ఎలా అయిందో పెద్దవాళ్ళకు కూడా చెప్పకుండానే తెలుస్తుంది. అమ్మ ఆ తల దగ్గర, "ఇది బాగుంది, కదలకుండా కూర్చుని చూడొచ్చు" అంది.

ఇక డిసెంబరు ప్రయాణానికి తెలుసుకోవాల్సిన పెద్ద విషయం. నవంబరునుంచి క్రిస్మస్ ముందువరకూ వారంలో కొన్ని రాత్రులు విడిగా టికెట్టు పెట్టి క్రిస్మస్ పార్టీ జరుపుతారు. ఆ రోజుల్లో మామూలు టికెట్టు ఉన్నవాళ్ళు సాయంత్రం 6 గంటలకే బయటికి రావాలి, రాత్రి ప్రదర్శన కూడా వేరుగా ఉంటుంది. టికెట్లు కొనేముందు పార్టీ తేదీలు చూసుకోండి. ఇది తెలియక కోటమీద ప్రదర్శన చూడకుండానే వెనుదిరిగిన కుటుంబాన్ని మేము పార్కింగులో కలిశాం. విజయవాడవాళ్ళు. పాపం, బావమీద కోపం బావమరిది మీద చూపిస్తున్నారు.

పెద్దవాళ్ళకు మడతకుర్చీ తీసుకెళ్దామనుకుంటారేమో, లోపలికి అనుమతించరు. మోకాళ్ళ నొప్పులుంటే మొహమాటం లేకుండా చక్రాల కుర్చీ అద్దెకు తీసుకోండి. మా అమ్మ మొదట "నేనేమన్నా రోగినా" అంది, మధ్యాహ్నానికి దిగనంది. పాపకు చెవులు మూసే హెడ్‌ఫోన్లు పట్టుకెళ్ళండి. శబ్దం గట్టిగానే ఉంటుంది. ప్రదర్శన మొదలయ్యాక పాపను భుజాల మీదికి ఎత్తుకోవడం వెనకవాళ్ళకు అన్యాయం. ఎత్తుకోక తప్పదనుకుంటే మొదటినుంచే ఎత్తుకుని ఉండండి, వాళ్ళు చోటు మార్చుకుంటారు. (మేము మధ్యలో ఎత్తుకున్నాం. వెనకనున్న పెద్దావిడ చూసిన చూపు ఇంకా గుర్తుంది.) ఓర్లాండోలోనే ఉన్న యూనివర్సల్ పార్కులో, హ్యారీ పాటర్ కథల్లోని హాగ్వర్ట్స్ కోటమీద కూడా 2018నుంచి ఇలాంటిది వేస్తున్నారు. అక్కడ వీధులు ఇరుకు, జనం కిక్కిరిసిపోతారు. పెద్దవాళ్ళతో రెండింట్లో ఒకటే చూడగలమంటే నా ఓటు సిండ్రెల్లా కోటకే.

అయిపోగానే పరుగెత్తకండి. కార్లు పెట్టే చోటికి పడవలోనో మోనోరైలులోనో వెళ్ళాలి, అందరూ ఒక్కసారే ఎగబడతారు. మేము అరగంట వీధి అరుగుమీద కూర్చుని, అక్క డబ్బాలో తెచ్చిన పులిహోర తిన్నాం. పడవ ఎక్కేసరికి కూర్చోవడానికి చోటు కూడా దొరికింది.