నాన్నగారు ఇచ్చిన 12 అడుగులు, ఇప్పుడు అడుగుతున్న 8 అడుగులు

ప్రశ్న: మాది కోనసీమలో సముద్రానికి దగ్గరి ఊరు. ఎగువ ఊరి మంచినీటి చెరువు నుంచి దిగువ ఊరి ట్యాంకుకు పైపు వేయడానికి, దాని పక్కనే రెండు ఊళ్లనూ కలిపే రోడ్డు పోయడానికి మా నాన్నగారు 2009లో మా కొబ్బరితోట అంచున 12 అడుగుల వెడల్పు, 330 అడుగుల పొడవు జాగా ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు, కాగితం రాయలేదు. రెండు పంచాయతీల వాళ్లూ కలిసి శాలువా కప్పారు, ఆ ఫొటో ఇప్పటికీ మా గోడకు ఉంది. నాన్నగారు 2017లో పోయారు. ఇప్పుడు రెండో పైపు, సిమెంటు రోడ్డు అంటూ మరో 8 అడుగులు లోపలికి కొలిచి, తాతగారి నాటి 14 కొబ్బరిచెట్లకు ఎర్రరంగు పూశారు. ఎగువ ఊరిని అడిగితే అది దిగువ ఊరి పనంటారు, దిగువ ఊరిని అడిగితే స్థలం ఎగువ ఊరి పరిధిలో ఉంది కాబట్టి వాళ్లనే అడగమంటారు. ‘మీ నాన్న ఇచ్చిందేగా’ అని నలుగురిలో నవ్వారు. అమ్మ ఆ చెట్ల కిందే కూర్చుని ఏడుస్తోంది. ఇదంతా ఆ దారిలో వేసిన ప్లాట్ల కోసమేనని ఊళ్లో అంటున్నారు. పైపు వాల్వు మా తోటలోనే ఉంది. అది కట్టేసి, రోడ్డుకు అడ్డంగా కంచె వేస్తే రెండు ఊళ్లూ దిగివస్తాయని మా బావమరిది సలహా. మాకు స్టే వస్తుందా? నాన్నగారు ఇచ్చిన 12 అడుగులకు కూడా ఇప్పుడు నష్టపరిహారం అడగవచ్చా? పొలం కాగితాలు ఇంకా నాన్నగారి పేరు మీదే ఉన్నాయి.

— ఒక రైతు, కోనసీమ

జవాబు: ఎవరు నవ్వారు, ప్లాట్లు ఎవరివి అన్నవి కోర్టులో మీకు పనికొచ్చే సంగతులు కావు. మీ కేసు ఒకే ఒక్క మాట మీద నిలబడి ఉంది. అది ‘తాతగారి నాటి చెట్లు’ అన్న మాట.

ఆ 14 చెట్లూ 2009కి ముందే అక్కడ ఉన్నాయి. అప్పట్లో రోడ్డు పోసినప్పుడు వాటి జోలికి ఎవరూ రాలేదు. మీ నాన్నగారు 20 అడుగులు ఇచ్చి ఉంటే ఆ వరస అప్పుడే నేలకూలేది. అంటే ఆయన ఇచ్చిన జాగా ఎక్కడ ఆగిందో ఆ చెట్లు చెబుతున్నాయి. కాగితం లేని చోట ఇంతకన్నా గట్టి సాక్ష్యం మీకు దొరకదు. ఎవరూ తారుమారు చేయలేని ఆ సాక్ష్యాన్ని గొడ్డలితో మాత్రం మాయం చేయగలరు. అందుకే చెట్లు కొట్టకముందే కొలత జరగాలి. ఈ జవాబులో మిగిలిందంతా ఈ కొలత చుట్టూనే తిరుగుతుంది.

ముందు 12 అడుగుల సంగతి తేల్చేస్తాను. దాని మీద ఆశ వదులుకోండి. స్థిరాస్తిని దానమివ్వాలంటే రిజిస్టరు దస్తావేజు, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలని ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ చెబుతుంది. అవి లేవు కాబట్టి దానం చెల్లదని మీకు ఎవరైనా ధైర్యం చెప్పవచ్చు. అది సగం నిజమే. హక్కు బదిలీ కాకపోయినా అనుమతి అనేది ఒకటుంటుంది. అనుమతి పొందినవారు దాన్ని నమ్మి, ఖర్చు పెట్టి శాశ్వతమైన కట్టడం కడితే ఆ అనుమతిని వెనక్కి తీసుకోలేరని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 60వ సెక్షన్ అంటుంది. రోడ్డు, భూమిలో పైపు శాశ్వతమైన పనులే. పైగా ఇన్నేళ్లుగా రెండు ఊళ్ల జనం దాని మీద నడుస్తున్నారు.

సుప్రీంకోర్టు 2020 జనవరిలో ఇచ్చిన తీర్పు గురించి మీరు విని ఉంటారు. హిమాచల్ ప్రదేశ్‌లో 1967-68లో రోడ్డు కోసం ఒక వితంతువు భూమిని భూసేకరణ లేకుండానే తీసుకున్నారు. ఆమెకు 80 ఏళ్లు వచ్చాక కూడా కోర్టు పరిహారం ఇప్పించింది. ఆలస్యమైందన్న వాదనను పక్కన పెట్టింది. నోటిమాటగా ఒప్పుకున్నారని ప్రభుత్వం చెప్పినా ఆధారం లేదని తోసిపుచ్చింది. ఆ తీర్పు మీ 12 అడుగులకు పనికిరాదు. ఆమె ఎన్నడూ ఒప్పుకోలేదు. మీ నాన్నగారు మనస్ఫూర్తిగా ఇచ్చారు, ఆ సంగతి మీరే రాశారు, శాలువా ఫొటో కూడా ఉంది. ఆ ఫొటోను అవతలివాళ్లు చూపించకముందే మీరే చూపించండి. 12 అడుగులు ఇచ్చామని నిజాయితీగా ఒప్పుకున్న మనిషి 8 అడుగులు ఇవ్వలేదంటే కోర్టు నమ్ముతుంది. మొత్తం 20 అడుగుల మీదా పోట్లాడితే రెండూ పోతాయి.

ఇక 8 అడుగులు. 330 అడుగుల పొడవుకు ఇది సుమారు 6 సెంట్లు. దీనికి ఎవరి అనుమతీ లేదు. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని రాజ్యాంగం 300ఎ అధికరణం చెబుతోంది. పంచాయతీకైనా ప్రభుత్వానికైనా ఇక్కడ రెండు దార్లే ఉన్నాయి. మీతో మాట్లాడి రిజిస్టరు దస్తావేజుతో కొనుక్కోవాలి. లేదంటే 2013 భూసేకరణ చట్టం కింద నోటిఫికేషన్ ఇచ్చి, భూమికి, చెట్లకు విడివిడిగా విలువ కట్టి, సొలేషియంతో (బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ముతో) సహా చెల్లించాలి. ఎర్రరంగు పూయడం ఈ రెండింటిలోకీ రాదు.

స్టే గురించి అడిగారు. ఇక్కడ మీరు పొరబడే అవకాశం ఎక్కువ. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. మౌలిక వసతుల పనులకు అడ్డం వచ్చే లేదా ఆలస్యం చేసే ఇంజంక్షన్, అంటే మీరు స్టే అంటున్న ‘పని ఆపండి’ అనే ఉత్తర్వు, ఇవ్వకూడదని అది 41వ సెక్షన్‌లో కొత్తగా చేర్చింది. చట్టం చివర ఉన్న జాబితాలో రోడ్లు, వంతెనలు ఉన్నాయి, మంచినీటి పైపులైన్లు కూడా ఉన్నాయి. మీ వివాదంలో ఉన్నవి ఆ రెండే. పరాయి స్థలంలోకి చొరబడితే ఈ సెక్షన్ కాపాడదని మీ వకీలు వాదించవచ్చు, వాదించాలి కూడా. కానీ స్టే మీదే మొత్తం భారం వేసి దావా వేస్తే, అది రాని రోజున మీ చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి దావాలో హక్కు ప్రకటన, నష్టపరిహారం అడగండి. అన్నిటికన్నా ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26, రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని పిటిషన్ పెట్టండి. కమిషనర్ సర్వేయరుతో వచ్చి రోడ్డు అంచు, చెట్ల వరస, ఎర్రరంగు గుర్తులు, వాల్వు ఉన్న చోటు కొలిచి రిపోర్టు ఇస్తారు. పని ఆపమని ఆదేశించడానికి వెనకాడే కోర్టు కూడా కొలవమనడానికి అంతగా వెనకాడదు.

మీ బావమరిది సలహా దగ్గరికి వస్తున్నాను. వాల్వు మీద చేయి వేయకండి. వేసిన రోజున మీరు కేసు పెట్టిన రైతుగా మిగలరు, కేసులో ముద్దాయి అవుతారు. తాగునీటి సరఫరాకు వాడే ప్రజా ఆస్తిని పాడుచేస్తే 1984 నాటి చట్టం కింద 6 నెలలకు తక్కువ కాకుండా 5 ఏళ్ల వరకు జైలు. నష్టం కలిగించే పని చేసి తాగునీరు తగ్గేలా చేసినా, రోడ్డును నడవడానికి వీల్లేకుండా చేసినా భారతీయ న్యాయ సంహిత 326వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా శిక్ష పడవచ్చు. కంచె వేస్తే తొలగించమని ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు ఆదేశిస్తారు. చట్టం మాట పక్కన పెట్టినా, దిగువ ఊళ్లో బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయని మీకు తెలుసు. వేసవిలో కాలువలు కట్టేశాక ఆ ట్యాంకే వాళ్లకు దిక్కు. మీరు వాల్వు కడితే బిందెలతో నిలబడేది మీ మీద నవ్వినవాళ్లు కాదు, ఆ ఊరి ఆడవాళ్లు. మీ నాన్నగారు జాగా ఇచ్చింది వాళ్ల కోసమే.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పాలి. తండ్రి పోయి ఇన్నేళ్లయినా పట్టాదారు పాసుపుస్తకం ఆయన పేరు మీదే ఎలా వదిలేశారు? రేపు భూసేకరణ నోటిఫికేషన్ వస్తే మీ నాన్నగారి పేరుతోనే వస్తుంది. అభ్యంతరం చెప్పడానికి 60 రోజులే గడువు. పోయిన మనిషి పేరున వచ్చిన నోటీసు పంచాయతీ బోర్డు మీద ఎండుతుంటే ఆ గడువు అయిపోతుంది. పరిహారం చెక్కు కూడా వారసులు తేలేదాకా ఆగిపోతుంది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని అమ్మగారి పేరు, మీ పేరు, తోబుట్టువులుంటే ఆడపిల్లలతో సహా అందరి పేర్లూ ఎక్కించండి. ఇది ఈ వారమే మొదలుపెట్టాలి.

మీ ఊళ్లో రీసర్వే పూర్తయి ఉంటే ఇంకో ప్రమాదం ఉంది. కొత్త పటంలో రోడ్డును ఎన్ని అడుగులుగా చూపించారో వెంటనే చూడండి. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం కింద సర్వే పూర్తయినట్టు ప్రకటన వెలువడితే, దాన్ని సవాలు చేసే సివిల్ దావాకు మూడేళ్లే గడువు. పటంలో 20 అడుగులు పడి ఆ మూడేళ్లు దాటిపోతే చెట్ల సాక్ష్యం కూడా మిమ్మల్ని కాపాడటం కష్టం. అలాగే ఎవరైనా మీ తోటలోకి చొరబడి పని మొదలుపెడితే, చొరబాటుకు నష్టపరిహారం అడిగే గడువు కూడా ఆ రోజు నుంచి మూడేళ్లే. ‘పెద్దమనుషుల్లో మాట్లాడుకుంటున్నాం’ అన్నంత మాత్రాన గడువు ఆగదు.

మీకు కావలసిన కాగితాలు మీ ఇంట్లో లేవు, ఆఫీసుల్లో ఉన్నాయి. 2009లో రోడ్డు పోసినప్పుడు ఇంజినీర్లు కొలతల పుస్తకమైన ఎం-బుక్‌లో పొడవు, వెడల్పు మీటర్లలో రాస్తారు, బిల్లు చెల్లించేది ఆ కొలత మీదే. 12 అడుగులంటే 3.66 మీటర్లు. రోడ్డు వెడల్పు దానికి లోబడి ఉంటే, మీరు చెప్పే మాటను ప్రభుత్వ పుస్తకమే చెబుతుంది. సమాచార హక్కు చట్టం కింద ఎం-బుక్, అంచనా పత్రం, రెండు పంచాయతీల తీర్మానాలు, పైపులైను ప్లాను ధ్రువీకరించిన నకళ్లు అడగండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు చేయండి. పాత పని కాగితాలు దొరకడం లేదని అంటే, ఆ మాటే రాతపూర్వకంగా ఇమ్మనండి.

ఎఫ్ఎంబీ (సర్వే నంబరు హద్దుల కొలతలు గీసిన పటం) విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. దావా వేయకముందే దాన్ని మీ వకీలుతో కూర్చుని చూడండి. అక్కడ పాత పుంత (బండ్ల దారి) పోరంబోకు ఉందేమో, ఎన్ని లింకులుందో లెక్కపెట్టండి. 30 లింకులంటే దాదాపు 20 అడుగులు. అంత పుంత ఉండి, అది ఎదుటి చేనువాళ్ల గట్టులో కలిసిపోయి ఉంటే, రోడ్డు వెడల్పుకు కావలసిన జాగా అటువైపే ఉందని మీరు చూపించవచ్చు. అన్యాక్రాంతమైన ప్రజా రహదారిని తిరిగి రాబట్టుకోవడానికి స్థానిక సంస్థకు 30 ఏళ్ల గడువుంది. కానీ ఆ పుంత మీ తోటలోనే కలిసి ఉంటే మీ వాదన మొదట్లోనే కూలుతుంది. అది తెలియకుండా కోర్టుకు వెళ్లకూడదు. మీసేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టి, సర్వే రాళ్ల దగ్గర నుంచి కొలిపించండి.

రెండు పంచాయతీలు ఒకరి మీద ఒకరు తోసుకోవడం గురించి దిగులు పడకండి. మీ సర్వే నంబరు ఎగువ ఊరి పరిధిలో ఉంది, రోడ్డు ఆ పంచాయతీకి చెందుతుంది. నీళ్లు పుచ్చుకునేది దిగువ ఊరు. ఇలాంటి ఉమ్మడి పనుల కోసం పంచాయతీలు కలిసి ఉమ్మడి కమిటీ వేసుకునే వీలు పంచాయతీరాజ్ చట్టంలో ఉంది. వేశారా, లేక ఉత్త మాట మీదే పని నడుస్తోందా అన్నది తీర్మానాల్లో తేలుతుంది. ఎవరు బాధ్యులో మీరు తేల్చనక్కర్లేదు. రెండు పంచాయతీలను, గ్రామీణ నీటి సరఫరా ఇంజినీరును, జిల్లా కలెక్టరును అందరినీ నోటీసులో చేర్చండి. ఒకరిని వదిలేస్తే మిగిలినవారు ఆ వదిలేసినవారినే చూపిస్తారు. ప్రభుత్వం మీద దావాకు ముందు రెండు నెలల నోటీసు తప్పనిసరి. చెట్లు రేపో మాపో కొట్టేస్తారన్న పరిస్థితి ఉంటే, కోర్టు అనుమతితో నోటీసు గడువు ఆగకుండా దావా వేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్‌లోనే దారి ఉంది. కొలతల మీద వివాదం లేదని తేలితే, భూసేకరణ లేకుండా తీసుకుంటున్నారంటూ నేరుగా హైకోర్టులో రిట్ వేయడం ఇంకా త్వరగా ఫలితమిస్తుంది. ఇందాక చెప్పిన 2018 సవరణ రిట్ వేయకుండా ఆపదు, కానీ స్టే ఇచ్చేటప్పుడు హైకోర్టు కూడా దాన్ని దృష్టిలో పెట్టుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది.

నోటీసులోనే ఒక ప్రతిపాదన పెట్టండి: 6 సెంట్లకు రిజిస్ట్రేషన్ విలువకు తగ్గకుండా ధర, చెట్లకు ఉద్యానశాఖ వేసిన విలువ ఇస్తే దస్తావేజు రాసిస్తామని. పైపు అవసరం నిజమైనదే కాబట్టి అధికారులు దీనికి దిగివచ్చే అవకాశం ఎక్కువ. ఈలోగా ‘సమ్మతి పత్రం’ అంటూ ఎవరైనా సంతకం అడిగితే, వెడల్పు, పొడవు, సర్వే నంబరు అంకెల్లో, అక్షరాల్లో రాయని కాగితం మీద పెట్టకండి. అమ్మగారి చేత వేలిముద్ర కూడా వేయించకండి.

ఇవాళే టేపు పట్టి, తేదీ కనిపించేలా ప్రతి చెట్టుకూ ఫొటో తీయండి. రోడ్డు అంచుకు, మొదటి వరసకు మధ్య దూరం అందులో కనబడాలి. ఫోన్‌లో తీసిన అసలు ఫైళ్లు చెరపకండి, భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ ధ్రువపత్రానికి అవి కావాలి. ఈసారి దింపు తీసినప్పుడు ఆ 14 చెట్ల కాయల లెక్క విడిగా రాసి, కొన్న వ్యాపారి చేత రసీదు రాయించుకోండి. చెట్ల విలువ కట్టేటప్పుడు ఆ రసీదే అడుగుతారు.