ఒత్తిగిలి పడుకునేవాళ్లకి మమ్మీ బ్యాగులో నిద్ర పట్టాలంటే

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. డిసెంబర్ ఆఖర్లో స్నేహితులతో కలిసి ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్తున్నాను. దానికోసం మమ్మీ స్లీపింగ్ బ్యాగు కొన్నాను, అదే, తలకి టోపీ ఉండి కాళ్ల దగ్గరికి వచ్చేసరికి సన్నబడిపోయే రకం. నాకేమో చిన్నప్పటి నుంచీ ఎడమపక్కకి తిరిగి మోకాళ్లు ముడుచుకుంటే గానీ నిద్ర పట్టదు. ఇంట్లో దూరి చూస్తే కట్టిపడేసినట్టు ఉంది, తుంటి నొప్పి పుట్టింది, పక్కకి తిరిగితే టోపీ మొహానికి అడ్డం వస్తోంది. వెల్లకిలా పడుకోవడం అలవాటు చేసుకోమని అందరూ అంటున్నారు. వేరే దారి లేదా? చాలా టెన్షన్‌గా ఉందండి.
— ఓ పాఠకుడు

జవాబు: వెల్లకిలా అలవాటు చేసుకోనక్కర్లేదు. పన్నెండు వేల అడుగులు దాటిన కొండ ఎక్కడానికి వెళ్తూ, నిద్ర అసలే సరిగ్గా పట్టని ఎత్తులో కొత్త భంగిమ నేర్చుకోమనడం మంచి సలహా కాదు. మీరు ఒత్తిగిలే పడుకోండి. కాకపోతే ముందు ఒకటి తేల్చుకోవాలి: పక్కకి తిరిగినప్పుడు బ్యాగు మీతోపాటు తిరగాలా, లేక బ్యాగు కదలకుండా మీరు మాత్రం లోపల తిరగాలా? చాలామంది ఈ రెంటికీ మధ్యలో సగం సగం తిరుగుతారు, అందుకే మెలిపెట్టుకుపోయి ఊపిరాడనట్టు అనిపిస్తుంది.

బ్యాగుతో సహా తిరిగే పద్ధతిలో టోపీ కూడా తలతో పాటే వస్తుంది కాబట్టి ఊపిరి తీసుకునే సందు ఎప్పుడూ మొహానికి ఎదురుగానే ఉంటుంది. లోపలి నుంచే రెండు చేతులతో తుంటి దగ్గర బ్యాగు గుడ్డని పట్టుకుని, నడుము కొంచెం ఎత్తి, ఒక్కసారిగా తిరగండి. నాలుగైదుసార్లు చేస్తే చేతికి వచ్చేస్తుంది. ఇందులో చూసుకోవాల్సింది జిప్పు. మీరు ఎడమపక్కకి పడుకుంటారు కాబట్టి జిప్పు ఎడమవైపు ఉంటే అది మీ కిందకి వచ్చి ఒత్తుకుంటుంది, రాత్రి లేవాలన్నా తీయడం కష్టం. కుడివైపు జిప్పు ఉన్నదైతే పైకి ఉంటుంది. ఇంకొకటి, కొన్ని బ్యాగులకి అడుగున దూదిగానీ ఈకలుగానీ నింపరు, మ్యాటే ఆ పని చేస్తుందని వదిలేస్తారు. మీది అలాంటిదైతే ఈ పద్ధతి వద్దు, తిరగగానే ఆ పలచని భాగం వీపు వైపుకి వచ్చి చలి పట్టేస్తుంది.

లోపలే తిరగాలంటే ఒంటి మీద బట్టలు జారేలా ఉండాలి. కాటన్ టీషర్టు, పైజమా బ్యాగు లోపలి గుడ్డకి పట్టేసి మెలితిరిగిపోతాయి, పైగా చెమట పట్టిందంటే ఒక పట్టాన ఆరవు. పాలియెస్టర్ థర్మల్స్ వేసుకోండి. టోపీ తాడు బిగించకుండా వదులుగా ఉంచి, తలకి మంకీ క్యాప్ పెట్టుకోండి. అది తలతో పాటే తిరుగుతుంది కాబట్టి బ్యాగు టోపీ ఎటు ఉన్నా చెవులకి చలి తగలదు. ఏ పద్ధతిలోనైనా సరే, చలేస్తోంది కదా అని ముక్కూ నోరూ లోపలికి పెట్టుకుని ముసుగుతన్ని పడుకోకండి. ఊపిరిలోని తేమంతా బ్యాగులోకి చేరుతుంది, తడిసిన బ్యాగు వేడిని పట్టి ఉంచలేదు, ముఖ్యంగా ఈకలు నింపినది.

మోకాళ్లు ఇంట్లోలా గుండెల దాకా ముడుచుకోవడం మాత్రం ఇందులో కుదరదు. కొంచెమే వంచి, పైకాలు కాస్త ముందుకి వేసి, రెండు మోకాళ్ల మధ్యా మడతపెట్టిన ఫ్లీస్ జాకెట్ పెట్టుకుంటే నడుముకి చాలా హాయిగా ఉంటుంది. మోకాళ్లతో బ్యాగుని గట్టిగా సాగదీయకండి. మన ఇళ్లలో బూరుగుదూది దిండు ఎండలో వేస్తే ఎలా పొంగుతుందో, బ్యాగులో నింపినది కూడా అలా పొంగి ఉన్నప్పుడే వెచ్చగా ఉంటుంది, అణిగిన చోటల్లా చలే.

ఇక తుంటి నొప్పి. దీనికి అందరూ బ్యాగునే తిడతారు గానీ, నన్నడిగితే తప్పు కింద వేసుకున్న మ్యాటుది. వెల్లకిలా పడుకుంటే బరువు వీపంతా పరుచుకుంటుంది, పక్కకి తిరిగితే మొత్తం భుజం మీదా తుంటి మీదా పడుతుంది. ట్రెక్ నడిపేవాళ్లు ఇచ్చే పలచని ఫోమ్ మ్యాటు ఒక్కటీ మీలాంటి వాళ్లకి చాలదు. గాలి నింపుకునే మ్యాటు, ఒక మూడంగుళాల మందం ఉన్నది తీసుకోండి, దాన్ని ఫోమ్ మ్యాటు మీద వేయండి. చలిని ఆపే శక్తిని ఆర్ వాల్యూ అని ప్యాకెట్ మీద వేస్తారు, ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ రెండు అంకెలూ కలుస్తాయి. మంచు మీద పడుకోవడానికి మొత్తం 5 దాకా ఉంటే మంచిది. గాలి మరీ రాయిలా నింపకండి. నిండుగా నింపి, పక్కకి పడుకుని, కొద్దికొద్దిగా వదులుతూ రండి. తుంటి కాస్త దిగాలి, నేలకి మాత్రం తగలకూడదు. కింద చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది. సాయంత్రం నింపినది రాత్రి చలికి మెత్తబడుతుంది, గాలి ముడుచుకుంటుంది కాబట్టి, పడుకునే ముందు మళ్లీ ఓసారి చూసుకోండి. తలగడ కూడా వెల్లకిలా పడుకునేవాళ్లకంటే ఎత్తు కావాలి, భుజానికీ చెవికీ మధ్య ఉన్న ఖాళీ నిండేంత. బ్యాగు సంచిలో బట్టలు కుక్కి పెట్టుకున్నా సరిపోతుంది.

కొనేటప్పుడు చూశారో లేదో గానీ, లేబుల్ మీద కంఫర్ట్, లిమిట్ అని రెండు ఉష్ణోగ్రతలు ఉంటాయి. ఐఎస్ఓ 23537 ప్రమాణం ప్రకారం కంఫర్ట్ అంటే సగటు ఆడమనిషి మామూలుగా, ఒళ్లు వదులుగా పెట్టుకుని పడుకుంటే హాయిగా నిద్రపట్టేది. లిమిట్ అనేది సగటు మగమనిషి ముడుచుకుని పడుకుని ఎలాగో తెల్లవార్చేది. ముడుచుకోవడం మీకు అలవాటే కదా అని లిమిట్ అంకె నమ్ముకుని వెళ్లకండి, కంఫర్ట్ అంకే చూడండి. కేదార్‌కంఠ క్యాంపుల్లో డిసెంబర్ రాత్రులు సున్నాకి బాగా కిందకి పోతాయి.

వెళ్లే ముందు ఇంట్లో సాధన చేయండి, కానీ కోనసీమలో డిసెంబర్‌లో కూడా జిప్పు పూర్తిగా వేసుకుంటే ఒళ్లంతా చెమటే. జిప్పు నడుము దాకా వేసుకుని, తెల్లవారుజామున ఫ్యాను కింద చూడండి. కొబ్బరిపీచు పరుపు మీద కాకుండా గచ్చు మీద, ట్రెక్‌కి పట్టుకెళ్లే మ్యాటే వేసుకుని పడుకోండి. డాబా మీదకి మాత్రం వెళ్లకండి, మంచు కురిసి బ్యాగు తడుస్తుంది.

ప్రశ్న: మావారి స్లీపింగ్ బ్యాగు సంచిలో బిగించి బీరువాలో పెట్టాం. వానాకాలం అయ్యాక తీస్తే ముక్కిపోయిన వాసన, పైగా పలచబడినట్టుంది. బాగవుతుందా అండీ?
— ఓ పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: బూజు పట్టకపోతే బాగవుతుందమ్మా. నీడలో గాలి తగిలేచోట రెండు మూడు రోజులు పరిచి, మధ్యమధ్యలో తిరగేసి దులపండి. ఎర్రటి ఎండలో రోజంతా వదిలేస్తే నైలాన్ గుడ్డ పాడవుతుంది. ఉతకాల్సి వస్తే టబ్బులో గాఢత తక్కువ సబ్బుతో ఉతకండి, బట్టలు మెత్తబడటానికి వేసే కంఫర్ట్ లాంటి ద్రవాలు వేయొద్దు, పిండొద్దు. తడిగా ఉన్నప్పుడు ఒక చివర పట్టుకుని ఎత్తకండి, లోపలి కుట్లు తెగుతాయి. మన డెల్టా చెమ్మకి ఆ చిన్న సంచిలో ఎప్పుడూ దాచకూడదు. పాత కాటన్ దిండు గలీబులో, అది చాలకపోతే దుప్పటితో కుట్టిన పెద్ద సంచిలో వదులుగా వేసి, గోడకి తగలకుండా వేలాడదీయండి.

ప్రశ్న: సంక్రాంతికి అందరం కలిసి లంబసింగి వెళ్తున్నాం, టెంట్లలో ఉంటాం. నేనూ పక్కకి తిరిగి పడుకునేదాన్నే. మమ్మీ బ్యాగు కొనాలా?
— ఓ పాఠకురాలు, భీమవరం

జవాబు: కొనకండి. అక్కడ చలి గట్టిదే, కానీ ఒకటి రెండు రాత్రులకి మామూలు నలుచదరపు బ్యాగు, పైన ఇంట్లో ఉన్న బొంత చాలు. ఎవరి దగ్గరైనా మమ్మీ బ్యాగు దొరికితే జిప్పు మోకాళ్ల దాకా తీసేసి, పాదాలు మాత్రం లోపల పెట్టి, మిగతాది దుప్పటిలా కప్పుకోండి. ఎటు కావాలంటే అటు తిరగొచ్చు. డబ్బులు పెట్టాలనుకుంటే మంచి మ్యాటుకి పెట్టండి, కొండ మీద రాత్రి చలి నేలలోంచే ఎక్కువ వస్తుంది.