కాశిమేడు నవల రాస్తున్న అమ్మాయికి

చెన్నై,
ఆదివారం రాత్రి

అమ్మా, ఆశీస్సులు.

ఇక్కడి జాలర్ల రేవు కాశిమేడు మీద నువ్వు రాస్తున్న నవలలో పంపిన తొమ్మిది అధ్యాయాలూ చదివాను. వాటికి ముందు నీ ఉత్తరం చదివితే మనసు కలుక్కుమంది. ఆరో తరగతిలో స్టీవెన్సన్ ఇంగ్లీషు నవల 'ట్రెజర్ ఐలాండ్' సగంలో వదిలేశానని, క్లాసులో అందరికీ అర్థమై నీకొక్కదానికే కాలేదని, ఇప్పటికీ లావుపాటి పుస్తకం చేతిలోకి తీసుకుంటే టెన్షనేనని రాశావు. నీ పాఠకులకూ అదే గతి పడుతుందేమోనని కట్టుమరం, వల్లం, వాడై లాంటి మాటలన్నీ కొట్టేసి 'పడవ', 'గాలి' అని మారుస్తానంటున్నావు. తొందరపడకు. ముందు నా సంగతి విను.

నేనూ ఆ పుస్తకం దగ్గర ఆగిపోయినవాణ్ణే. మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది కదా, దానికి చాలా ఏళ్ల ముందు అక్కడి పాత పుస్తకాల కొట్లో నాన్న కొనిచ్చారు. నాకప్పుడు పన్నెండేళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఇంగ్లీషు బడి వరకే. పేజీకి పది మాటలు తెలిసేవి కావు. అయినా మొదటి పదిహేను అధ్యాయాలు పరుగున చదివాను. నిధి కోసం దీవికి పోతున్న ఓడలో జిమ్ అనే కుర్రాడు ఆపిల్ పండు కోసం పీపాలోకి దిగుతాడు. ఆ చీకట్లో ఉండగానే ఓడ వంటవాడు సిల్వర్ వచ్చి పీపాకు ఆనుకుని కూర్చుని, ఓడలో తిరుగుబాటు గురించి మాట్లాడతాడు. ఓడ భాగాల పేర్లు ఒక్కటీ తెలియని నేను అక్కడ ఊపిరి బిగబట్టాను. ఆ పీపాలో ఉన్నది నేనే.

దారి తప్పింది పదహారో అధ్యాయంలో. అప్పటిదాకా 'నేను' అంటే జిమ్. జిమ్ దీవిలో చెట్ల మధ్య ఉన్నాడు. పేజీ తిప్పేసరికి ఆ 'నేను' ఓడ గదిలో కెప్టెన్‌తో మాట్లాడుతున్నాడు. కాసేపటికి దీవిలోంచి చావుకేక వినిపిస్తే, జిమ్ పోయాడు అనుకుంటాడు. జిమ్ చచ్చిపోయాడని జిమ్మే అనుకోవడమేమిటి? మూడుసార్లు చదివాను. నాకు ఇంగ్లీషు రాకపోవడం వల్లే అనుకుని పుస్తకం అటక మీద పడేశాను.

నా కథలు అచ్చవడం మొదలయ్యాక ఒకరోజు మళ్లీ తీశాను. ఇక్కడినుంచి కథ ఓడలోని డాక్టర్ చెబుతున్నాడని ఆ అధ్యాయం పేరులోనే ఉంది! పిల్లలు అధ్యాయాల పేర్లు చదువుతారా? కథ మీదికి దూకుతారు. స్టీవెన్సన్ అలా ఎందుకు చేశాడో కూడా అప్పుడే అర్థమైంది. జిమ్ ముందే ఒడ్డుకు వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు ఓడను వదిలి, సామాన్లన్నీ చిన్న పడవలోకి ఎక్కించి, దుంగల కంచెలోకి చేరుకోవడం అతను చూడలేదు. చూడనిది అతనితో ఎలా చెప్పిస్తాడు? అందుకే మూడు అధ్యాయాలు డాక్టర్ లివ్సీ చేతికిచ్చి, పందొమ్మిదో అధ్యాయంలో జిమ్‌ను మళ్లీ తెచ్చాడు. నిజాయితీగల పని అది. అయినా ఒక మాట అంటాను. ఆ కేక విన్నప్పుడు డాక్టర్ తన నాడి ఎలా కొట్టుకుందో చెబుతాడు, యుద్ధంలో తనకు తగిలిన గాయం సంగతి చెబుతాడు. అవి అధ్యాయం మొదట్లోనే వచ్చి ఉంటే ఆ పన్నెండేళ్ల పిల్లవాడు తప్పిపోయేవాడు కాదు.

ఆ రెండో చదువులోనే 'కొరకిల్' అనే మాట ఎదురైంది. అప్పటికీ అది నాకు తెలియని మాటే. కర్రల చట్రానికి మేకతోలు బిగించిన పడవ. జిమ్‌కు కావలసిన వైపు తప్ప అన్ని వైపులకూ పోతుంది, గిరగిరా తిరుగుతుంది. చదువుతుంటే శ్రీశైలం దగ్గర కృష్ణలో చూసిన పుట్టి కళ్ల ముందుకొచ్చింది. ఆ మాటకు అర్థం నాకు ఎవరూ చెప్పలేదు, పడవే నడిచి చూపించింది.

కాబట్టి కట్టుమరాన్ని కట్టుమరంగానే ఉంచు. దుంగల్ని తాళ్లతో బిగించడం, సందుల్లోంచి నీళ్లు పైకి చిమ్మడం నీ రెండో అధ్యాయంలో ఉన్నాయి, అవి చాలు. నీ కథలో నాయనమ్మ 'వాడై మొదలైంది' అని కొంగు తలకు చుట్టుకోగానే ఉత్తరం నుంచి చలిగాలి నాకూ తగిలింది. వల్లం మాత్రం పేరు చెప్పి వదిలేశావు. అందులో ఎవరినైనా ఎక్కించి అలల మీదికి పంపు. పుస్తకం చివర పదాల పట్టిక వద్దు.

నీ పాఠకుడు తప్పిపోయేది ఏడో అధ్యాయంలో. ఆరు అధ్యాయాలు మనవరాలు చెప్పింది. ఏడులో 'నేను' నాయనమ్మ అయింది. ఆ సంగతి నాకు రెండు పేజీల తర్వాత గానీ తెలియలేదు. ఆమెకు ఆ అధ్యాయం ఇవ్వడం సరైనదే, తుఫాను రాత్రి ఒడ్డున నిలబడింది ఆమె ఒక్కతే. కానీ మొదటి వాక్యంలోనే ఆమె గొంతు వినపడాలి. నాలుగో పేజీలో మోకాళ్ల నొప్పిని బట్టి వాన వస్తుందని చెబుతుంది చూడు, ఆ మాటను పైకి తీసుకురా. మనవరాలైతే ఆ మాట అనదు.

నెలాఖరుకల్లా ఏడో అధ్యాయం తిరగరాసి పంపు. ఆరో తరగతిలో వదిలేసిన ఆ పుస్తకం ఇంట్లో ఇంకా ఉంటే, పదహారో అధ్యాయం పేరు ఒకసారి చదువు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు