బరువు తగ్గే సర్జరీ తరువాత పరుగు ఎప్పుడు అని కాదు, నేల మీద నుంచి చేతులు ఆనించకుండా లేవగలరా అని అడగండి

మీ ప్రశ్న చూశాను. బరువు తగ్గడానికి పొట్టలో ఎక్కువ భాగం తీసేసే స్లీవ్ సర్జరీ అయి నాలుగు నెలలు, 121 కిలోల నుంచి 96కి వచ్చారు, మూడు వారాలుగా బరువు కదలడం లేదు. పెళ్ళికి ముందు పరుగెత్తే అలవాటు ఉండేది, ఇప్పుడు మళ్ళీ మొదలుపెడితే ఆగిపోయిన బరువు దిగుతుందా, మోకాళ్ళు పాడవుతాయా, వచ్చే ఆగస్టులో హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్ల పరుగు) చేయగలనా అని అడిగారు. నాది గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే పొట్టను చిన్న సంచీలా చేసి నేరుగా పేగుకు కలిపే సర్జరీ. తార్నాకలో ఉంటాను, ఉస్మానియా క్యాంపస్‌లో పరుగెత్తుతాను. ఈ విషయం మీద నాకు చాలా గట్టి అభిప్రాయాలున్నాయి కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నాను.

సూటి జవాబు ముందే చెప్పేస్తాను. ఆపరేషన్ అయిన రోజో మర్నాడో మనల్ని లేపి నడిపించేది కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా. ఆ తరువాత ఆరు వారాల పాటు బరువులు ఎత్తొద్దనేది పొట్ట మీద రంధ్రాలు పెట్టిన చోట హెర్నియా రాకుండా. మూడు నెలలు దాటాక మీ సర్జన్ సరేనంటే పరుగెత్తడానికి అభ్యంతరం ఉండదు. మోకాళ్ళ విషయంలో మీకు మంచి వార్తే ఉంది. ఒక కిలో బరువు తగ్గితే నడిచేటప్పుడు అడుగడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందంటారు. ఆ లెక్కన మీ మోకాళ్ళు ఎంత తేలికపడ్డాయో చూసుకోండి. అయితే అది నడక లెక్క. పరుగులో కాలు నేలను తాకిన ప్రతిసారీ మనిషి బరువుకు రెండు మూడింతలు దాని మీద పడుతుంది. ఆ దెబ్బను కాచుకోవాల్సింది తొడ కండ, పిరుదుల కండ. అవి మీ దగ్గర ఎంత మిగిలాయన్నదే అసలు ప్రశ్న. అందరూ ఎన్ని కిలోలు తగ్గావనే అడుగుతారు గానీ కండ ఎంత మిగిలిందని ఎవరూ అడగరు.

నాకు ఆ విషయం తెలిసింది ఆసుపత్రిలో కాదు, మా ఇంట్లో సత్యనారాయణ వ్రతంలో.

కార్తీక మాసం. నాకు అప్పటికి సర్జరీ అయి ఇంచుమించు మీ అంత కాలమే అయింది. చెప్పినట్టే రోజూ నడుస్తున్నాను, మందులు వేసుకుంటున్నాను, బరువు చూసే మెషిన్ ఎక్కితే సంతోషంగా దిగుతున్నాను. ఆ రోజు వచ్చినవాళ్ళంతా నన్ను చూసి తెగ మెచ్చుకున్నారు. పట్టుచీర జాకెట్టు రెండు సార్లు కుట్టు లోపలికి వేయించినా భుజాల మీద నిలవడం లేదు, గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. మా ఆయన, నేను పీటల మీద కూర్చున్నాం. అయిదు కథలూ అయ్యాయి. పంతులుగారు కర్పూరం వెలిగించి "అమ్మా, లేచి హారతి ఇవ్వండి" అన్నారు.

నేను లేవలేకపోయాను.

కాళ్ళు తిమ్మిరెక్కాయేమో అనుకుని ఒక్క నిమిషం ఆగి మళ్ళీ ప్రయత్నించాను. మోకాళ్ళు నొప్పి లేదు. తొడలు వణుకుతున్నాయి, శరీరాన్ని పైకి తోసే బలం వాటిలో లేదు. ఆసరా కోసం చెయ్యి చాచి మండపానికి కట్టిన అరటి పిలకను పట్టుకున్నాను. అది పక్కకు వంగింది, మామిడాకుల తోరణం తెగి కలశం మీద పడింది. పళ్ళెంలో కర్పూరం కొండెక్కిపోతోంది. మా వదిన గబగబా వచ్చి చంకల కింద చేతులు వేసి నన్ను లేపింది. వెనక నుంచి మా పెద్దమ్మ "లావుగా ఉన్నప్పుడు బాగానే లేచేదానివి కదే, సన్నబడ్డాక ఇదేంటి?" అంది. ఆవిడ ఎత్తిపొడవడానికి అనలేదు, కంగారుపడి అడిగింది. నిజమే, అంతకు ముందు ఏడాది అదే పీట మీద నుంచి అంత బరువుతోనూ నా అంతట నేనే లేచాను.

ఆ వారమే ఆసుపత్రికి వెళ్ళాను. ఫిజియోథెరపిస్టు ఒక కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఛాతీకి కట్టుకుని లేచి కూర్చోమంది. కాసేపటికే ఆపించి నా రోజువారీ తిండి అడిగింది. ఆ అమ్మాయి చెప్పింది నేను జన్మలో మరిచిపోను: "మీరు తగ్గిందంతా కొవ్వు కాదు మేడమ్. తిండి ఇంత తగ్గినప్పుడు ఒళ్ళు కొవ్వుతో పాటు కండనూ కరిగిస్తుంది. మెషిన్‌కు రెండూ ఒకటే." ఆమె ఒక్క మాటలో చెప్పిందంతా అదే. సర్జరీ తరువాత రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలి. మన ఇళ్ళలో పొద్దున్న తినే ఒక్కో ఇడ్లీలో ఉండేది రెండు గ్రాములు. గుడ్డులో ఆరు. కొత్త పొట్టలో పట్టేదే పిడికెడు, అందులో సగం ఇడ్లీకీ పెరుగన్నానికీ పోతే కండకు ఏం మిగులుతుంది? ఇప్పుడు నా పళ్ళెంలో ముందు గుడ్డో చికెనో పనీరో పడుతుంది, చోటు మిగిలితేనే అన్నం.

ఇక మీ మూడు వారాల సంగతి. బరువు అలా ఆగడం సర్జరీ అయినవాళ్ళలో చాలామందికి జరిగేదే, దానంతట అదే మళ్ళీ దిగుతుంది. దాన్ని కదిలించడానికి మాత్రం దయచేసి పరుగెత్తకండి. తక్కువ తిండితో, తక్కువ కండతో ఎక్కువ దూరం పరుగెత్తితే ఉన్న కండ కూడా పోతుంది. బరువు తగ్గించే పని సర్జరీ చేస్తోంది, దాన్ని చెయ్యనివ్వండి. వ్యాయామం పని కండను నిలబెట్టడం. ఈ ఒక్క మాట మన గల్లీ జిమ్ముల్లో ట్రైనర్లకు ఎవరైనా నేర్పిస్తే బాగుండు. సర్జరీ అయిందని చెప్పాక కూడా నా చేతిలో పెట్టిన చార్టు ఏమిటంటే, గంట ట్రెడ్‌మిల్, రాత్రి భోజనం బంద్, పైగా ఏదో ఫ్యాట్ కట్టర్ డబ్బా కొనమని. నెల ఫీజు కట్టేసినా సరే వదిలేసి వచ్చాను.

మనలాంటివాళ్ళు పరుగు మీద పడటానికి అసలు కారణం వేరే ఉందని నా నమ్మకం. "కోయించుకుంటే ఎవరైనా తగ్గుతారు", "షార్ట్‌కట్ కదా" అనే మాటలు ప్రతి పెళ్ళిలోనూ వింటాం. ఆ మాట తప్పని నిరూపించడానికి, మేమూ చెమటోడ్చామని చూపించడానికి పరుగు మొదలుపెడతాం. ఎవరికీ ఏమీ నిరూపించక్కర్లేదండి. పొట్టను కోయించుకుని పిడికెడంత చేయించుకుని, నెల రోజులు ద్రవాలూ మెత్తటి తిండితో గడిపి, జన్మంతా బి12, ఐరన్, క్యాల్షియం మింగడానికి ఒప్పుకున్నవాళ్ళం. షుగర్ ఉన్నవాళ్ళు కంటికి ఆపరేషన్ చేయించుకుంటే షార్ట్‌కట్ అని ఎవరూ అనరు. చివరికి ఇన్సూరెన్స్ కూడా మనల్ని ఇలాగే చూస్తుంది. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఆసియా వాళ్ళకు బీఎమ్‌ఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 27.5 నుంచే ఈ సర్జరీ గురించి ఆలోచించవచ్చని చెప్పాయి. మన పాలసీ కాగితాల్లో ఇప్పటికీ 40, లేదా తీవ్రమైన జబ్బులుంటే 35. అంటే ఇంకా లావెక్కి, ఇంకా జబ్బుపడి రమ్మని అర్థం. దీని గురించి మాట్లాడాలంటే నాకు బీపీ పెరుగుతుంది, ఆపేస్తాను.

నేను ఎలా మొదలుపెట్టానో చెప్తాను. వ్రతం తరువాత చాలా కాలం పరుగు ఊసే లేదు. కుర్చీలో కూర్చుని లేవడం, మెట్టు ఎక్కి దిగడం, గోడకు ఆనుకుని గుంజీలు, రబ్బరు బ్యాండ్లు, తరువాత డంబెల్స్. వారానికి మూడు రోజులు. నాకు నేను పెట్టుకున్న పరీక్షలు రెండు. నేల మీద బాసింపట్టు వేసి కూర్చుని చేతులు ఆనించకుండా లేవాలి. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ ఎత్తి స్టాండు మీద పెట్టాలి. రెండోది కుదిరిన రోజు మా ఆయన వంటింట్లోకి వచ్చి చప్పట్లు కొట్టాడు. ఆ తరువాతే షూస్ కొన్నాను.

క్యాంపస్‌లో ఎన్‌సీసీ గేటు నుంచి ఆర్ట్స్ కాలేజీ వైపు తెల్లవారుజామున వెళ్ళండి, చెట్లు, చల్లగాలి, వాకింగ్‌కు వచ్చే పెద్దవాళ్ళు, అప్పుడప్పుడు నెమళ్ళు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. ఆయాసంతో మాట ఆగిపోతే పరుగు ఆపెయ్యాలి. కుక్కల గుంపు ఎదురైతే పరుగెత్తకుండా నడిచి దాటాలి. బయట వీధుల్లో ఫుట్‌పాత్ మీద పరుగెత్తమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. ఉన్న కాస్త ఫుట్‌పాత్ మీద బైకులు, టిఫిన్ బండ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు.

ఎవరూ చెప్పని విషయం ఇంకోటి, వదులైన చర్మం. కింద పొట్ట చర్మం అడుగడుగుకీ ఊగి ఒరుసుకుంటుంది, వానాకాలంలో అక్కడ చెమట నిలిచి మండిపోతుంది. నడుము పైదాకా వచ్చే బిగుతు లెగ్గింగ్ వేసుకోండి, మడతల్లో వాసెలిన్ రాయండి, రాగానే స్నానం చేసి పూర్తిగా తుడుచుకోండి. సిగ్గుపడి లూజు ప్యాంటు వేసుకుంటే పుండ్లు పడతాయి.

నీళ్ళు మనం గడగడా తాగలేం, అందుకే ముందు రోజు సాయంత్రం నుంచే గుటక గుటక తాగుతూ ఉండాలి. పరగడుపున పరుగు వద్దు. నేను ముప్పావుగంట ముందు సగం అరటిపండు, ఒక గుడ్డు తింటాను. రన్‌లలో దారి పొడవునా ఇచ్చే తియ్యటి డ్రింకులు, ఎనర్జీ జెల్లులు ముట్టను. బైపాస్ అయినవాళ్ళకు చక్కెర ఒక్కసారిగా పేగులోకి దిగితే గుండెదడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, దాన్నే డంపింగ్ అంటారు. స్లీవ్‌లో తక్కువ గానీ అసలు రాదని కాదు. ఓఆర్‌ఎస్ కావాలంటే డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడే కొనండి, లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. ఓఆర్‌ఎస్ పేరుతో చక్కెర నీళ్ళు అమ్మడం మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడటానికి వీల్లేదని చెప్పింది. ఆవిడకు నేను మనసులో రోజూ దండం పెట్టుకుంటాను.

రన్నర్లు ఒకరికొకరు పంచుకునే నొప్పి మాత్రల విషయంలో ఇంకా జాగ్రత్త. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి బైపాస్ అయినవాళ్ళకు కడుపులో పుండ్లు తెప్పిస్తాయి. మీది స్లీవ్ అయినా సర్జన్‌ను అడగకుండా వేసుకోవద్దు. అంత నొప్పి ఉంటే ఆ వారం పరుగు మానెయ్యండి.

ఆగస్టు సంగతి. హైదరాబాద్ మారథాన్ నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై గచ్చిబౌలి వైపు వెళ్ళే దారిలో ఫ్లైఓవర్లు ఎక్కడం దిగడమే సరిపోతుంది, పైగా ఆ నెలలో ఉక్క. మీ స్థానంలో ఉంటే నేను ఈసారికి పది కిలోమీటర్ల రన్‌కు పేరిచ్చి, హాఫ్ పై ఏడాదికి పెట్టుకుంటాను. పేరిచ్చే ముందు రక్త పరీక్షలు చేయించండి. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి బాగుందని పంపించేస్తే ఊరుకోకండి, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, బి12, విటమిన్ డి కూడా రాయమని అడగండి. పాదాల్లో తిమ్మిర్లు, జివ్వుమనడం ఉంటే అది కొత్త షూస్ వల్ల అనుకోకుండా బి12 చూపించుకోండి. ఐరన్ మాత్రకూ క్యాల్షియం మాత్రకూ మధ్య రెండు గంటలు తేడా ఉండాలి, ఐరన్ వేసుకుని వెంటనే టీ తాగకూడదు. ఆదివారాలు పొద్దున్న మేం నలుగురైదుగురం ఆడవాళ్ళం, అందరం సర్జరీ అయినవాళ్ళమే, ఆర్ట్స్ కాలేజీ ముందు ఆరింటికి కలుస్తాం. మీరు అటువైపే అయితే రండి, మొదటి అరగంట గుంజీలే ఉంటాయి.