కాన్ఫరెన్స్‌లో లైవ్ పోస్టులు పెట్టేవాళ్లు అసలు టాక్ వింటారా?

సైన్స్ కాన్ఫరెన్స్‌లో కూర్చుని లైవ్‌గా పోస్టులు పెట్టేవాళ్లు టాక్ వింటారా, లేక ఫోన్‌లోనే ఉంటారా అని కదా మీ ప్రశ్న. వింటామండీ, పక్క సీట్లో కునుకు తీసేవాళ్లకన్నా బాగానే వింటాం. అర్థం కాకపోతే రెండు లైన్లలో రాయలేం కదా.

ఒకసారి ఓ జీనోమిక్స్ (జన్యు సమాచారాన్ని మొత్తంగా చదివే శాస్త్రం) మీటింగ్‌లో ఇలాగే రాస్తున్నా, భోజనాల తర్వాత సెషను, స్పీకర్ గబగబా స్లైడ్లు తిప్పేస్తున్నాడు, నేను ఒక గ్రాఫ్ చూసి "పేషెంట్లలో కంట్రోల్స్ (పోలిక కోసం తీసుకున్న, జబ్బు లేనివాళ్లు) కంటే రెట్టింపు" అని పెట్టానో లేదో, వీసా రాక ఆగిపోయిన ఒకావిడ నా పోస్టు కింద అడిగింది, రెండు గ్రూపుల శాంపిల్సూ ఒకే బ్యాచ్‌లో, అంటే ఒకే విడతలో, సీక్వెన్స్ చేశారా (డీఎన్‌ఏ చదివారా) అని. హాలు నిండా జనం, ఒక్కరికీ తట్టలేదు. మైకు దగ్గరికెళ్లి, ప్రశ్న నాది కాదు, రాలేకపోయిన ఆవిడది అని పేరు చెప్పి మరీ అడిగా. ఆయన స్లైడ్లు వెనక్కి తిప్పుకుంటూ వెళ్లి, కాసేపు స్క్రీన్ వైపే చూసి, "కంట్రోల్స్ వేరే బ్యాచ్" అన్నాడు. ఇంక చూస్కోండి, ఆ తేడాలో జబ్బు వల్ల వచ్చిందెంత, బ్యాచ్ వల్ల వచ్చిందెంత అని మొదలైంది, సెషన్ నడిపే చైర్ టైమైపోయిందని మొత్తుకున్నా ఎవరూ ఆపలా.

స్లైడ్ల ఫొటోలు పెట్టడాన్ని మాత్రం నేను లైవ్ రిపోర్టింగ్ అనను. ముందు వరసలో చేతులెత్తి ప్రతి స్లైడూ తీస్తుంటారు, వెనకవాళ్లకి స్క్రీన్ కనపడదు. పైగా అది ఇంకా పబ్లిష్ కాని డేటా. 2017లో శాన్ డియాగోలో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వాళ్లు, ఫొటోలు పెట్టినవాళ్లని తీసేయమని ట్విట్టర్‌లోనే వెంటపడితే పెద్ద గోలైంది. గోర్డన్ రీసెర్చ్ కాన్ఫరెన్సుల్లో విన్నది బయటపెట్టకూడదనేదే రూలు, అది నయం, ముందే తెలుస్తుంది.

అసలు ఈ పనికి ట్విట్టర్ ఎప్పుడూ సరిపోలేదు. 2008లో టొరంటోలో ఐఎస్ఎంబీ అనే కాన్ఫరెన్స్ జరిగినప్పుడు బయోఇన్ఫర్మాటిక్స్ (జీవశాస్త్ర డేటాని కంప్యూటర్లతో విశ్లేషించే రంగం) వాళ్లు ఫ్రెండ్‌ఫీడ్ అనే సోషల్ సైట్ వాడారు, టాక్‌కో థ్రెడ్, ఒకరు వదిలేసింది ఇంకొకరు అదే థ్రెడ్ కింద రాసేవాళ్లు, అంతా ఒక్కచోటే. దాన్ని ఫేస్‌బుక్ కొనేసి 2015లో మూసేసింది. ఇప్పుడేమో కొందరు ఎక్స్‌లో, కొందరు బ్లూస్కైలో, కొందరు మాస్టోడాన్‌లో, ఒకే టాక్ మూడు ముక్కలు.

మీరు మొదలుపెట్టేట్టయితే స్పీకర్ పేరు ప్రతి పోస్టులోనూ పెట్టండి, ఎందుకంటే ఒక్కో పోస్టూ విడిగా షేరవుతుంది, ఆయన మాట మీ మాటగా తిరుగుతుంది. ప్రశ్నల టైములో ఫోన్ జేబులో పెట్టేయకండి, అసలు సరుకంతా అప్పుడే బయటికొస్తుంది, చాలామంది సరిగ్గా అక్కడే రాయడం ఆపేస్తారు.