జూలో లైట్లు కట్టబోయే అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

అమెరికాలోని సిన్సినాటి జూలో క్రిస్మస్ లైట్లు కట్టే జట్టులో చేరావని మీ అమ్మ చెప్పింది. 1982లో మొదలైన వేడుక అది, అక్కడ పని తెలిసినవాళ్లకి కొదవుండదు. అయినా కొన్ని ముందే చెవిన వేస్తాను.

ముందు కొలత. చెట్టు చుట్టుకొలత 4 అడుగులు, కట్టాల్సిన ఎత్తు 10 అడుగులు, వరసకీ వరసకీ మధ్య 3 అంగుళాలు అనుకో. 40 చుట్లు, అంటే 160 అడుగుల తీగ. బల్బుకీ బల్బుకీ 4 అంగుళాలుండే 70 బల్బుల ఎల్ఈడీ సెట్టు సుమారు 23 అడుగులు వెలుగుతుంది కాబట్టి ఏడు సెట్లు పడతాయి. కొమ్మల లెక్క వేరు. ఏడూ ఒకే బ్యాచ్‌వి తీసుకో. డబ్బా మీద వార్మ్ వైట్ అనే రాసున్నా రెండు బ్యాచ్‌ల రంగు కలవకపోవచ్చు, చీకట్లో చొక్కాకి అతుకేసినట్టు కనబడుతుంది. ప్రతి సెట్టూ నేల మీదే వెలిగించి చూసుకుని, పిన్నులున్న ప్లగ్గు కిందికి ఉంచి పైకి చుట్టుకుపో. తిరగేసి కట్టావా, మొత్తం విప్పాల్సిందే.

చలి ముదిరితే తీగ మీది ప్లాస్టిక్ బిరుసెక్కి పగులుతుంది. అందుకని ఆకులుండగానే కట్టడం మొదలుపెట్టాలి. చిక్కేమిటంటే, ఆకుల చాటున మిగిలిపోయిన ఖాళీలు అవి రాలాక గానీ బయటపడవు. కొమ్మను చేత్తో తడుముకుంటూ కట్టు, కంటిని నమ్మకు. వేలు దూరేంత వదులు ఉంచు. మేకులు, స్టేపుల్ పిన్నులు వద్దే వద్దు.

ఇక కరెంటు. మన ఇళ్లలోలా 230 కాదు, అక్కడ 120 వోల్టులు. 15 ఆంపియర్ల సర్క్యూట్ 1800 వాట్లు మోస్తుంది. గంటల తరబడి వెలిగేవాటికి అందులో 80 శాతం, అంటే 1440 దాటనివ్వకూడదు. సెట్టు 5 వాట్లేగా, 280 తగిలించొచ్చు అనిపిస్తుంది. కుదరదు. ఒకదాని చివర ఒకటి ఎన్ని కలపొచ్చో ట్యాగు మీద రాసుంటుంది, అంతకుమించితే ప్లగ్గులోని ఫ్యూజు పోతుంది. అసలు అడ్డం వాన. ఆరుబయట సాకెట్లకుండే జీఎఫ్‌సీఐ, అంటే షాకు కొట్టకుండా కరెంటు ఆపేసే రక్షణ స్విచ్చు, సుమారు 5 మిల్లీఆంపియర్ల లీకేజీకే ఆపేస్తుంది. తడిసిన జాయింట్లు ఒక్కొక్కటీ కాస్త కాస్త లీకయినా అన్నీ కలిసి ట్రిప్ చేస్తాయి. వాన కురిసిన సాయంత్రం సగం దారి చీకటయ్యేది ఇందుకే. అలాగని జీఎఫ్‌సీఐని తప్పించి తగిలించే తెలివి ఎవరు చూపినా నువ్వు ఒప్పుకోకు. లోడు ఎక్కువ సాకెట్లకి పంచు. జాయింట్లు నేలకి ఆనకుండా ఎత్తులో కట్టు. తీగ సాకెట్ కంటే కిందికి వేలాడి పైకి వస్తే నీటిచుక్క అక్కడే రాలిపోతుంది. జాయింటుకి టేపు చుట్టి మూసేయడం చాలామందికి అలవాటు, మంచిది కాదు. లోపలికి చేరిన నీరు బయటికి పోయే దారి ఉండదు.

లైట్లని వెలుగు చూసి వేసే సెన్సరు పెడితే, దాని ముఖం మీద ఆ లైట్లే పడకుండా చూడు. పడితే వెలగడం, ఆరడం, మళ్లీ వెలగడం, రాత్రంతా అదే ఆట.

జంతువుల సంగతి ఈ పనికే ప్రత్యేకం. తీగలు బిగించే ప్లాస్టిక్ పట్టీ, అదే జిప్ టై, తెంచిన ముక్క జంతువులుండే ఆవరణలో పడితే ఏదో ఒక జంతువు దాన్ని మింగుతుంది. ముక్కలన్నీ నీ జేబులోకే రావాలి, పనిముట్లు వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ లెక్కపెట్టుకో. జంతువులు పడుకునే గదుల వైపు లైటుగానీ స్పీకరుగానీ తిప్పకు. కోతి చెయ్యి ఎంత దూరం చాస్తుందో కీపరుని అడిగి, ఇంకా దూరంగా కట్టు. పక్షుల దగ్గర చౌకరకం సెట్లు వద్దు: సెకనుకి 60 సార్లు వెలిగి ఆరేవాటిని మనం పెద్దగా గమనించం, కొన్ని పక్షుల కళ్లు ఆ మిణుకుని పట్టేస్తాయి. 120 సార్లవి కాస్త నయం. ఉడతలు తీగలు కొరుకుతాయి, రోజూ పగటిపూట ఒకసారి చూసిరా.

70 బల్బుల సెట్టులో సరిగ్గా సగం ఆరిపోతే కంగారు పడకు. చాలా సెట్లలో 35 బల్బులు ఒక సిరీస్, అంటే ఒకే కరెంటు ఒకదాని తర్వాత ఒకదాని గుండా వెళ్లే వరస, ఒక్క బల్బు వదులైనా ఆ సగమంతా పోతుంది. మనిషిని పైకెత్తే లిఫ్టు బండి మీద నిలబడి ఆ బల్బుని వెతక్కు, సెట్టే మార్చేసి కిందికి తెచ్చి బాగుచెయ్యి.

జనవరిలో విప్పేటప్పుడు మంచుకి అంటుకున్న తీగని లాగొద్దు, కాస్త ఎండ వచ్చేదాకా ఆగు. అలాగే వదిలేసినా తప్పే, చెట్టు లావెక్కేకొద్దీ తీగ బెరడులోకి కోసుకుపోతుంది. చుట్ట చుట్టిన ప్రతి సెట్టుకీ ఏ చెట్టుది, ఏ సర్క్యూట్‌ది, ఏ బ్యాచ్‌దో చీటీ కట్టి, ఎలుకలు దూరని మూతపెట్టెల్లో పెట్టు.

ఇట్లు,
పెదనాన్న